ఒంటరి వీరుడికి తాడెందుకు?

అలాస్కాలో రాంగెల్-సెయింట్ ఇలియాస్ అని ఒక నేషనల్ పార్కు ఉంది. 1.32 కోట్ల ఎకరాలు, అమెరికాలో ఇంతకంటే పెద్దది లేదు. అంత స్థలం పెట్టుకుని నడవడానికి వేసిన దారులు మాత్రం బహు కొద్ది. చాలాచోట్ల బోర్డు ఉండదు, వంతెన ఉండదు, ఫోన్ సిగ్నల్ ఉండదు, టీ కొట్టు ఊసే ఎత్తకండి. అలాంటి చోటికి బ్యాగు తగిలించుకుని ఒక్కడే బయల్దేరే వీరుడికి బుద్ధి చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నేను మాత్రం వీరుడి పక్షం.

మంచు కప్పిన గ్లేసియర్ మీద పగుళ్లు పైకి కనపడవు కాబట్టి ముగ్గురు నలుగురు ఒకే తాడు కట్టుకుని నడవాలట, ఒకడు పడితే మిగతావాళ్లు ఆపుతారట. ఒంటరివాడికి ఈ లంపటమే లేదు. తాడు కొనక్కర్లేదు, మోయక్కర్లేదు, రెండో కొసన ఎవరూ లేరు కనుక తను పడినా ఇంకొకరిని లాక్కుపోడు. ఇంత పరోపకారం గుంపుగా వెళ్లేవాళ్లకు చేతనవుతుందా?

ఇక ప్రశాంతత. సియాటిల్‌లో మీటింగుల గోల పడలేక మనవాడు నిశ్శబ్దం కోసం ఇంత దూరం వచ్చాడు. ఇక్కడేమో గ్రిజ్లీ ఎలుగుబంట్లు. పొదల్లో హఠాత్తుగా మనిషి ఎదురుపడితే వాటికి మండుతుంది కాబట్టి దారి పొడుగునా గట్టిగా మాట్లాడుతూ నడవాలి. నలుగురుంటే వాళ్ల కబుర్లే ఆ పని చేసిపెడతాయి, ఒక్కడే అయితే పొద్దుగూకేదాకా తనే అరిచి తనే వినాలి. తెలుగులో అరిచినా ఇబ్బంది లేదు, ఎలుగులకు భాషాభిమానం ఉన్నట్టు లేదు.

ఎండెక్కేకొద్దీ మంచు కరిగి ఏరు పొంగుతుంది, రాతిపిండి కలిసిన బూడిదరంగు నీళ్లలో లోతు తెలియదు, అందుకని తెల్లారగానే దాటాలి. ఆఫీసు కాల్‌కి ఏనాడూ లేవనివాడు ఇక్కడ అలారం పెట్టుకుంటాడు.

ఎవరి మీదా ఆధారపడని ఈ మనిషిని లోయలో దింపిపోయేది ఒక చిన్న విమానం. తిరిగి తీసుకెళ్లాల్సిందీ అదే. మబ్బు కమ్మితే అది రాదు, వచ్చేదాకా బ్యాగులో మిగిలిన నూడుల్సే గతి. జేబులో శాటిలైట్ పరికరం ఒకటి, అతనెక్కడున్నాడో మ్యాప్ మీద చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. విజయవాడలో వాళ్లమ్మ వంట మానేసి ఆ చుక్కలే చూస్తోంది. అక్కడ రాత్రి పదికి టెంటులో పడుకుంటే ఇక్కడ మర్నాడు పదకొండున్నర, చుక్క ఆగిందంటే ఫ్యామిలీ గ్రూపులో టెన్షన్ మొదలు. "పడుకునుంటాడు వదినా" అని బాబాయి సర్దిచెబుతాడు. చివరి రోజు చుక్క ఉన్నట్టుండి కొండల మీదుగా ఎక్కడా ఆగకుండా దూసుకుపోతుంటే ఆవిడ ఫోన్ చేసింది: "మరిదిగారూ, వీడు ఇంత జోరుగా నడవడు, ఏదో వీణ్ని ఎత్తుకుపోతోంది!"