కారణం చెప్పరా?

విమానాశ్రయాల్లో సామాను ఎక్కించడం, దించడం లాంటి పనులు చేసే సెలెబీ వేసిన పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు 2025 జూలై 7న కొట్టేసింది. 2022 నవంబరులో ఈ తుర్కియే (టర్కీ) సంస్థకు సెక్యూరిటీ క్లియరెన్స్ (భద్రతా అనుమతి) ఇచ్చిన ప్రభుత్వమే 2025 మే 15న దాన్ని రద్దు చేసింది. కారణం అడిగితే ‘దేశభద్రత’ అంది. ఏం తప్పు చేశామని అడిగితే జవాబును సీల్డ్ కవర్‌లో పెట్టి జడ్జి చేతికిచ్చింది. పదిహేనేళ్లకు పైగా ఇక్కడ వ్యాపారం చేసిన సంస్థకు తనమీద ఉన్న ఆరోపణేమిటో అప్పటికీ తెలియదు.

ఆపరేషన్ సిందూర్ వేళ తుర్కియే పాకిస్థాన్‌ పక్షాన నిలబడటం జనానికి మంట పుట్టించింది. విమానం దగ్గరిదాకా వెళ్లే సంస్థ విషయంలో రిస్క్ తీసుకోలేమన్న వాదననూ కొట్టిపారేయలేం. అయినా కారణం చెప్పాల్సిందే.

మలయాళ వార్తా చానల్ మీడియావన్ కేసూ సెక్యూరిటీ క్లియరెన్స్ గొడవే. దేశభద్రత అన్నంత మాత్రాన కారణాలు దాచడం కుదరదని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తేల్చింది, సీల్డ్ కవర్ పద్ధతినీ తప్పుపట్టింది. రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ అదే కవర్!

పోనీ, భయం నిజమే అనుకుందాం. టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి ఇండిగో అద్దెకు తెచ్చుకున్న రెండు పెద్ద విమానాలకు మే 30న ఇదే ప్రభుత్వం ఆగస్టు 31 దాకా గడువు పెంచింది. అవి ఎగిరింది తుర్కియే పైలట్లతో. సెలెబీ యూనిఫాంలో ఎండలో నిలబడి సూట్‌కేసులు ఎక్కించింది మాత్రం మన కుర్రాళ్లు. వాళ్లను అవే జీతాలతో కొత్త ఏజెన్సీల్లోకి తీసుకుంటామని ఢిల్లీ విమానాశ్రయ యాజమాన్యమే ప్రకటించింది. అవే చేతులు, అవే బ్యాగులు. మారింది చొక్కామీద పేరే. మరి ముప్పు ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా?

2017లో చైనా చేసిందీ ఇలాంటిదే. క్షిపణి రక్షణ వ్యవస్థకు స్థలం ఇచ్చిందన్న కోపంతో దక్షిణ కొరియా సంస్థ లొట్టే దుకాణాలను పదుల సంఖ్యలో మూయించింది. పైకి చెప్పింది ఫైర్ సేఫ్టీ. చైనాను వదిలి మా దగ్గరికి రండని కంపెనీలను పిలుస్తున్న మనం, అడిగితే ఆ పాటి సాకు కూడా చెప్పడం లేదు. రేపు మన మందుల కంపెనీనో ఐటీ సంస్థనో వేరే దేశం ఇలాగే కారణం చెప్పకుండా గెంటేస్తే ఢిల్లీ ఏ ముఖంతో నిలదీస్తుంది?

ఆధారం ఉంటే బయటపెట్టండి. రహస్యమైన వాక్యాలుంటే వాటిమీద నల్లగీత కొట్టి మిగతాది ఆ సంస్థ చేతికివ్వండి. అంతమాత్రం కూడా చేయలేని ప్రభుత్వం, మే 15న దేశభద్రత పేరు ఎందుకు వాడుకుందో ముందు జనానికి చెప్పాలి.