కర్పూరం మూటా, బోరు తాడూ: ఆ మెసేజ్‌కి జవాబు

"గైడ్లకు వేలు తగలెయ్యకండి! కొండలెక్కే రహస్యాలు ఇవిగో" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. నెల్లూరు గ్రూపులో ఒకరు, కావలి నుంచి ఇద్దరు, ఒంగోలు నుంచి ఇంకొకరు. పైగా "పదిమందికీ పంపండి" అని తోక తగిలించి మరీ పంపుతున్నారు. పంపినవాళ్లలో సగం మంది డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి టికెట్లు తీసుకుని కూర్చున్నారు. నవ్వుకుని వదిలేద్దామంటే అదే అడ్డొస్తోంది.

ముందు చిల్లర పాయింట్లు. జేబులో నిమ్మకాయ పెట్టుకోవాలట. పెట్టుకోండి, దాహమేస్తే పిండుకోవచ్చు. అమావాస్యనాడు ఎక్కకూడదట. వెన్నెల ఉండదు కాబట్టి తలకు లైటు కట్టుకోండి, సరిపోతుంది. చెప్పులు విప్పితే పట్టు దొరుకుతుందట. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఉదయగిరి బండ మీద విప్పి చూపించమనండి రాసినాయన్ని.

"అక్టోబర్ వస్తే వానలు పోయినట్టే, ఇక కొండలన్నీ సేఫ్." ఇది రాసింది మన జిల్లాల మనిషి కాదని ఇక్కడే తేలిపోయింది. మనకు అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు. 2015, 2021 నవంబర్లలో నెల్లూరు ఏ గతి పట్టిందో మరిచిపోయారా? పెంచలకోన, భైరవకోన లాంటి చోట్ల పైన వెలిగొండల్లో పడిన వాన, కింద ఎండ కాస్తుండగానే వాగై దిగుతుంది. రాతి మీద నాచు తడిస్తే ఏ బూటూ ఆగదు. మన రాళ్లకు డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి తర్వాతైతే చీకటితో ఎక్కి 9 గంటలకల్లా దిగిపోవాలి. హిమాలయాల లెక్క వేరు. శిఖరాలకు మే, జూన్, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్. గుల్‌మార్గ్, ఔలీలలో స్కీయింగ్‌కు జనవరి నుంచి మార్చి.

"బోరు మోటారుకు కట్టే తాడు టన్ను బరువు ఆపుతుంది, మనిషెంత?" మోటారు కదలకుండా వేలాడుతుంది. మనిషి పడతాడు. పడేవాణ్ని ఆపాలంటే తాడు తెగకపోతే చాలదు, సాగాలి. రాక్ క్లైంబింగ్‌లో వాడే డైనమిక్ తాడు, అంటే సాగే తాడు, మనిషి గట్టిగా పడ్డప్పుడు 30 శాతం అటూఇటుగా సాగి ఆ ఊపును తనలోకి తీసుకుంటుంది. పరీక్షలో 80 కిలోల బరువును పడేస్తే కుదుపు 12 కిలోన్యూటన్లు (సుమారు 1,200 కిలోల బరువు లాగినంత) దాటకూడదని ప్రమాణం. సాగని తాడైతే ఆ కుదుపంతా నడుముకూ వెన్నుకూ, పైన తాడు బిగించిన ఆధారానికీ (యాంకర్) పోతుంది. పైగా మన అంగళ్లలో నైలాన్ అని అమ్మేదాంట్లో చాలావరకు పాలీప్రొపిలీన్. నున్నగా ఉంటుంది కాబట్టి ముడి జారుతుంది. 160 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడి కరుగుతుంది, తాడు మీద తాడు రాసుకుంటే ఆ వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఎండలో ఏడాది పడి ఉంటే పోగులు పెళుసెక్కుతాయి. హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు) లేకుండా దాన్నే నడుముకు బిగించుకుని వేలాడితే కాసేపటికే ఊపిరి తిరగదు. ఆ తాడు బోరుకే ఉంచండి సామీ.

ఇక కర్పూరం. "కర్పూరం, లవంగాలు, వాము మూటగట్టి వాసన చూస్తుంటే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది, 15 వేల అడుగుల దాకా ఏ మందూ అక్కర్లేదు." మిగతా పాయింట్లన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగిన మూటే ఇది. ఆ పని అయిపోయాక ఇప్పుడు కొండలెక్కుతోంది.

కర్పూరం ఆవిరి ముక్కులో చల్లగా తగిలి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించడమే, లోపలికి పోయే గాలి పెరగదు. కేదార్‌నాథ్ ఎత్తులో, అంటే సుమారు 3,580 మీటర్ల దగ్గర, గాలి ఒత్తిడి నెల్లూరులో ఉన్నదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే, ఒత్తిడి లేక ఒంటికి అందదు. ఆ లోటుకు శరీరం అలవాటు పడడానికి రోజులు కావాలి, వాసనలు కాదు. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికన్నా ఇవాళ పడుకునే చోటు 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం ఆపి ఉండిపోవాలి. కేదార్‌కంఠ దారి చూడండి. బయల్దేరే ఊరు సాంక్రీ సుమారు 1,950 మీటర్లు, జూడా కా తాలాబ్ 2,770, ఆ పై క్యాంపు 3,400, శిఖరం 3,800. సముద్రమట్టం నుంచి బయల్దేరిన మనిషికి ఇది తొందర దారే. చాలామందికి తలనొప్పితో పోతుంది. కొందరికి పోదు.

ఆ కొందరి దగ్గరే మూట ప్రాణం తీస్తుంది. కర్పూరం వాసన విషమని కాదు (పిల్లలు మింగితే మాత్రం మూర్ఛలొస్తాయి, అది వేరే సంగతి), దిగాల్సిన టైములో కూర్చోబెడుతుంది కాబట్టి. తలనొప్పికి తోడు వికారమో, తల తిరగడమో, విపరీతమైన నీరసమో ఉంటే ఇక పైకి అడుగు వెయ్యకూడదు. తగ్గకపోతే దిగాలి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అనుమానించాలి. ఒక కాలి మడమను ఇంకో కాలి బొటనవేలికి ఆనిస్తూ గీత మీద పదడుగులు నడవమంటే తూలుతున్నాడా, మాట తడబడుతోందా, ఎత్తు వల్ల మెదడు వాస్తోందని అనుకోవాలి. ఈ రెండిట్లో ఏది కనిపించినా రాత్రి 2 గంటలైనా సరే, ఆక్సిజన్ ఉంటే పెట్టి, తోడిచ్చి దింపాల్సిందే. ఆ పూట "ఉండబ్బా, మూట పీల్చు, పొద్దున్నే చూద్దాం" అన్నాయన స్నేహం కొద్దీ అన్నాడనే ఒప్పుకుందాం. పీల్చేవాడికి పొద్దున్న ఉండాలి కదా.

పది లీటర్ల ఆక్సిజన్ డబ్బా కొనుక్కుంటామంటారు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున అది 5 నిమిషాలు. ఎత్తు జబ్బు రాకుండా డైమాక్స్ అనే మాత్ర ఉంది, పనిచేస్తుంది. ముందు జాగ్రత్తకు పెద్దవాళ్లకు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లుంటారు కాబట్టి డాక్టర్ని అడిగే వేసుకోవాలి. వేసుకున్నా 500 మీటర్ల లెక్క మారదు. మెసేజ్ చెప్పిన రెండు పెగ్గుల బ్రాందీ మాత్రం మహా ఉపకారి! చర్మం కింద రక్తనాళాల్ని తెరిచి ఒంటి వేడిని బయటికి పంపిస్తుంది, నిద్రలో ఊపిరిని మందగింపజేస్తుంది, తెల్లారాక తలనొప్పి బ్రాందీదో ఎత్తుదో తేలకుండా చేస్తుంది.

"మంచు మెత్తన, పడినా దెబ్బ తగలదు, ఖాళీగా ఉన్న వాలు చూసుకుని స్కీయింగ్ చేసుకోవచ్చు." ఆ వాలు ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించరు. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. స్కీయింగ్‌కు ముచ్చటైన వాలూ అదే. మనుషులు చిక్కుకున్న చరియల్లో చాలావాటిని కదిలించేది ఆ గుంపులోని వాళ్లే. ఆగిన క్షణంలో ఆ మెత్తటి మంచు సిమెంటులా బిగుస్తుంది. పది, పదిహేను నిమిషాలు దాటితే లోపల ఉన్నవాడు బతికే అవకాశం బాగా పడిపోతుంది. అంతలో తవ్వాలంటే ప్రతి ఒక్కరి ఒంటి మీదా ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాడి జాడ తెలిపే రేడియో పరికరం), సంచిలో ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడడం ముందే సాధన చేసి ఉండాలి. కబురందుకుని వచ్చేవాళ్లు చాలాసార్లు శవాన్నే తీస్తారు.

"పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనకేం తక్కువ?" తక్కువైంది శిక్షణ. 2014 మే 25కు ముందు మాలావత్ పూర్ణ భువనగిరి రాతి మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌లలో నేర్చుకుంది. ఎక్కినప్పుడు పక్కన షెర్పాలున్నారు.

తేనెపట్టుల పాయింటు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు, అరవొద్దు అన్నాడు. రాతి చూరు కింద వేలాడే పెద్ద తేనెటీగలు రేగితే తాడు మీదున్నవాడు పరిగెత్తలేడు. పట్టు కనబడిన గోడ ఆరోజుకు వదిలెయ్యాలి.

"గైడున్నా చచ్చేవాళ్లు చస్తారు" అన్నదీ కొట్టెయ్యలేను. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద మంచుచరియలో పోయిన పాతిక మందికి పైగా, పర్వతారోహణ నేర్చుకుంటున్నవాళ్లూ నేర్పేవాళ్లూనే. ఉదయగిరి దుర్గానికి మెట్లదారిన వెళ్లేవాళ్లకు వేలు పోసి గైడెందుకన్నా ఒప్పుకుంటాను, ఊళ్లో మేకలు కాసే మనిషి వెంట వస్తే చాలు. మెడలో ట్యాగు వేసుకున్న ప్రతివాడూ గైడు కాడు కూడా. అందుకే డబ్బు కట్టే ముందు అడగండి. పర్వతారోహణలో బేసిక్, అడ్వాన్స్ కోర్సులు ఎక్కడ చేశావు? మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ (ఇతరులకు నేర్పడం ఎలాగో నేర్పే కోర్సు) అయిందా? ఒక్కో గైడుకు ఎంతమంది? ఆక్సిజన్ సిలిండర్ ఏ క్యాంపులో ఉంటుంది? శిఖరం రోజు ఎన్ని గంటలకు, ఎక్కడున్నా సరే వెనక్కి తిప్పుతావు? ఈ చివరిదానికి "మీ ఇష్టం సార్" అన్నాడంటే అడ్వాన్సు ఇవ్వకండి.