మాస్కో మాట, బీజింగ్ లెక్క

‘కాలపరీక్షకు నిలిచిన స్నేహం.’ రష్యా అధ్యక్షుడు ఢిల్లీ వచ్చినా, మన ప్రధాని మాస్కో వెళ్లినా ఈ మాట వినపడాల్సిందే. పరీక్షలు జరిగిన సంగతి నిజం. మార్కులే అన్నిసార్లూ ఒకేలా రాలేదు. సోవియట్ కాలంలో క్రెమ్లిన్‌లో మనిషి మారినప్పుడల్లా మనతో మాట తీరు మారింది. ఆ మార్పులకు కారణం వెతికితే చాలాసార్లు ఢిల్లీలో కాదు, బీజింగ్‌లో దొరుకుతుందన్నది మా అభిప్రాయం.

స్టాలిన్ కంటికి స్వతంత్ర భారతం అంత స్వతంత్రంగా కనిపించలేదు. నెహ్రూ సొంత చెల్లెలు విజయలక్ష్మీ పండిట్‌ను తొలి రాయబారిగా పంపితే, ఆమె మాస్కోలో ఉన్నన్నాళ్లూ స్టాలిన్ దర్శనం దొరకలేదు. ఆమె తర్వాత వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను మాత్రం 1950 జనవరిలో పిలిచి మాట్లాడారు. మధ్యలో జరిగిందేమిటంటే, చైనాలో మావో గెలిచారు. ఆసియాను చూసే తీరు మాస్కోలో మారడం మొదలైంది.

1951 ఫిబ్రవరిలో నలుగురు భారత కమ్యూనిస్టు నేతలు మాస్కోలో రహస్యంగా స్టాలిన్‌ను కలిశారు. అందులో ఇద్దరు మనవాళ్లే: చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. మిగతా ఇద్దరు డాంగే, అజయ్ ఘోష్. తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. చైనా బాటలో మనమూ వెళ్లొచ్చా అన్నది చర్చ. స్టాలిన్ భూగోళం పాఠం చెప్పారు. చైనా గెరిల్లాలకు మంచూరియా దొరికింది, దాని వెనక సోవియట్ సరిహద్దు ఉంది, మీ వెనక అలాంటి అండ ఏదీ లేదన్నారు. అదే ఏడాది అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. విరమణకు ఇక్కడి కారణాలూ ఉన్నాయి. కానీ ప్రపంచ విప్లవానికి పెద్దదిక్కు అనుకున్న మనిషి సిద్ధాంతం పక్కన పెట్టి దేశపటం చూసి మాట్లాడారన్నది గమనించాలి.

1953 ఫిబ్రవరి 17న మన రాయబారి కె.పి.ఎస్. మీనన్ ఆయన్ను కలిశారు. మాట్లాడుతూనే స్టాలిన్ కాగితం మీద తోడేళ్ల బొమ్మలు గీస్తూ కూర్చున్నారట. తోడేళ్లతో ఎలా వ్యవహరించాలో మా రైతులకు తెలుసన్నారట. పదహారు రోజుల తర్వాత ఆయన లేరు.

తోడేళ్ల లోకం నుంచి పూలదండల లోకంలోకి తెచ్చింది, స్టాలిన్ తర్వాత పగ్గాలు పట్టిన కృశ్చేవ్. 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్‌తో కలిసి ఇండియా అంతా తిరిగారు. కొండల మీది నుంచి ఒక్క కేక వేస్తే వచ్చి మీ పక్కన నిలబడతామన్నట్టు శ్రీనగర్‌లో మాట్లాడారు. భిలాయ్ ఉక్కు, హైదరాబాద్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ ఆయన హయాంలో కుదిరినవే. అయితే స్నేహం ఊరికే రాదు. 1956లో బుడాపెస్ట్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు దిగితే, ఐరాస పర్యవేక్షణలో హంగరీలో ఎన్నికలు జరపాలన్న తీర్మానానికి మనం వ్యతిరేకంగా ఓటేశాం. వలస పాలన మీద అంత గట్టిగా మాట్లాడిన దేశం అలా చేతులు కట్టుకోవడం ఇప్పటికీ మింగుడుపడదు.

మనం కేక వేసిన రోజు 1962 అక్టోబరులో, చైనా మన మీదికి దండెత్తినప్పుడు వచ్చింది. సరిగ్గా అప్పుడే క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం. అమెరికాతో యుద్ధం అంచున ఉన్న కృశ్చేవ్‌కు చైనా మద్దతు అవసరమైంది. అక్టోబరు 25న సోవియట్ పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ చైనా ప్రతిపాదనలను సమర్థించింది, మనం సరిహద్దుగా చెప్పే మెక్‌మహాన్ రేఖను బ్రిటిష్ సామ్రాజ్యవాదుల నిర్వాకంగా చూపింది. చైనా సోదర దేశం, మనం మిత్రదేశం. అన్నదమ్ములు ఒకటైతే మిత్రుడి మాట ఎవరు వింటారు? క్యూబా గండం గట్టెక్కాక స్వరం మారింది. డిసెంబరుకల్లా కృశ్చేవ్ చైనాను బహిరంగంగానే దెప్పిపొడుస్తున్నారు. ఆ అన్నదమ్ముల తగవు సెగ తెనాలి దాకా వచ్చింది. 1964 జూలైలో అక్కడ జరిగిన సదస్సుతో భారత కమ్యూనిస్టు పార్టీ చీలిక ఖాయమైంది.

కృశ్చేవ్ తర్వాత వచ్చిన బ్రెజ్నెవ్ కాలంలో మనకు ఎక్కువ మేలు జరిగింది. ఎందుకు? 1969 మార్చిలో ఉసురి నది మీద సోవియట్, చైనా సైనికులు ఒకరినొకరు కాల్చుకున్నారు. 1971 నాటికి అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ గుట్టుగా బీజింగ్ వెళ్లొచ్చారు. వెంటనే ఆగస్టు 9న మాస్కో మనతో మైత్రీ ఒప్పందం కుదుర్చుకుంది. మనలో ఎవరి మీదికి దాడి ప్రమాదం వచ్చినా వెంటనే సంప్రదించుకోవాలన్నది అందులోని తొమ్మిదో అధికరణం. డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం వేళ భద్రతామండలిలో మన కోసం మూడుసార్లు సోవియట్ వీటో పడింది. విశాఖ ఉక్కుకు సోవియట్ సాయంపై సంతకాలు జరిగింది కూడా బ్రెజ్నెవ్ హయాంలోనే, 1979లో. అదే ఏడాది చివర్లో అఫ్గానిస్తాన్‌లోకి సేనలు దిగాయి, మన గొంతు మళ్లీ తగ్గింది.

బ్రెజ్నెవ్ తర్వాత వచ్చిన ఆండ్రోపోవ్, చెర్నెంకోలకు కాలమే చాలలేదు. గోర్బచేవ్ వచ్చీ రాగానే, 28 ఏళ్లుగా విదేశాంగ మంత్రి కుర్చీలో ఉన్న గ్రొమికోను పక్కకు తప్పించి షెవర్నాద్జెను తెచ్చారు. 1986 జూలైలో వ్లాదివొస్తోక్‌లో నిలబడి చైనాకు చేయి చాచారు. నాలుగు నెలలకే ఢిల్లీ వచ్చి రాజీవ్‌తో అహింస మీద ప్రకటన చేశారు. మాస్కో, బీజింగ్ దగ్గరైతే మన ధర తగ్గుతుందని ఢిల్లీకి అర్థమైంది. 1988 డిసెంబరులో రాజీవ్ స్వయంగా బీజింగ్ వెళ్లారు. మా దృష్టిలో ఆ దశాబ్దంలో మన దౌత్యం చేసిన తెలివైన పని అదే. సోవియట్ యూనియన్ కూలాక, 1993లో రష్యా అధ్యక్షుడు యెల్సిన్ సంతకం చేసిన కొత్త ఒప్పందంలో ఆ తొమ్మిదో అధికరణం లేదు.

ఇప్పుడు రష్యా కమ్యూనిస్టు దేశం కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక చమురు చవగ్గా ఇచ్చింది, కొన్నాం. కొనడంలో తప్పు లేదు. 2020లో గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత మన విదేశాంగ మంత్రి, చైనా మంత్రి కూర్చుని మాట్లాడుకున్నది కూడా మాస్కోలోనే. ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థ 2021 డిసెంబరు నుంచి మనకు అందడం మొదలైంది, ఎవరి విమానాలను ఆపడానికో వేరే చెప్పనక్కర్లేదు. అదే ఎస్-400ను అంతకు మూడేళ్ల ముందే రష్యా చైనాకు అందించింది.