మా ఆవిడ తులం, నా వ్యక్తిత్వ వికాసం

మదుపరులకు ముందుగా ఒక మనవి. పెట్టుబడులు మార్కెట్ ఒడిదొడుకులకు లోబడి ఉంటాయని మ్యూచువల్ ఫండ్ల ప్రకటనల్లో గుక్క తిప్పుకోకుండా చదివేస్తారే, ఆ ముక్క ఈ వ్యాసానికి వర్తించదు. ఇక్కడ పెట్టింది నేను, పెట్టుకున్నది నా మీద. కొంటామని ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి ధర పడిపోతుందన్న భయం కూడా లేదు.

2019లో తులం బంగారం 35 వేలకు కాస్త అటూ ఇటూగా ఉండేది. చిట్టీ పాడిన డబ్బు మా ఆవిడా నేనూ చెరి సగం పంచుకుంటే ఒక్కొక్కరికీ తులం ఖరీదు వచ్చింది. ఆవిడ వెళ్ళి తులం కొనుక్కుంది. నేను అంత తెలివితక్కువ పని చెయ్యలేదు. ఒక హోటల్లో రెండు రోజుల వ్యక్తిత్వ వికాస శిబిరంలో చేరాను. "బంగారాన్ని దొంగ ఎత్తుకుపోతాడు, నీ మీద పెట్టుకున్న పెట్టుబడిని ఎవడూ ఎత్తుకుపోలేడు" అన్నారక్కడ. నిజమే. ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా ఎత్తుకుపోలేదు.

మొదటి రోజు లైట్లు ఆర్పి, వెనకాల వేణువు పెట్టి, అమ్మానాన్నలను తలుచుకోమన్నారు. నా పక్కనున్న స్టీలు సామాన్ల షాపాయన బావురుమన్నాడు. ఓదార్చమన్నారు, కౌగిలించుకున్నాను. టీ విరామంలో ఆయన కళ్ళు తుడుచుకుని, ఎప్పుడైనా వస్తే కుక్కర్ మీద పది శాతం తగ్గిస్తానన్నాడు. శిబిరంలో నా చేతికందిన లాభం అదొక్కటే.

రెండో రోజు సాయంత్రం లోపలి భయాన్ని కాల్చేస్తామని నిప్పుల మీద నడిపించారు. బూడిద పట్టిన బొగ్గు వేడిని నిదానంగా ఇస్తుంది, ఆగకుండా నాలుగడుగులు వేస్తే కాలు కాలదు, ఇది ఫిజిక్సు. కానీ ఆ మాట చెబితే ఫీజు ఎవడు కడతాడు? మా ఊళ్ళో పీర్ల పండక్కి మా పెదనాన్న ఏటా గుండం తొక్కేవాడు. ఆయన దగ్గర పైసా తీసుకునేవాళ్ళు కాదు, పైగా చేతిలో ఇంత మలీద పెట్టి పంపేవాళ్ళు. ఆయన లోపలి భయం ఎంత కాలిందో తెలీదు గానీ, మా పెద్దమ్మ ముందు మాత్రం చివరిదాకా నోరెత్తలేదు.

ఈ ఖర్చుకి పన్ను మినహాయింపు వస్తుందేమోనని మా ఆడిటర్‌ని అడిగాను. పాత పన్ను విధానంలో 80సీ కింద పిల్లల ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు, అదీ ఇద్దరు పిల్లలకే, తండ్రి తనకోసం కట్టుకున్న ఫీజు కుదరదు అన్నాడు. నేనిక ఎదగనని ప్రభుత్వం ముందే తేల్చేసిందన్నమాట! జీఎస్టీ సంగతీ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ములకీ యోగా కేంద్రాలకీ 18 శాతం నుంచి 5కి దించారు, కోచింగుకి 18 అలాగే ఉంచారు. కండ పెంచితే అయిదు, గుండె ధైర్యం పెంచితే పద్దెనిమిది. బంగారానికి మూడే.

లాక్‌డౌన్ తరవాత 99 రూపాయల వెబినార్లు మొదలయ్యాయి. ఎర్ర గడియారం తిరుగుతూ "ఇంకా 7 సీట్లే" అనేది. జూమ్‌లో సీట్లేమిటని నేను అడగలేదు, అది నెగటివ్ ఆలోచన. తెల్లవారుజామున అయిదింటికి లేచి డైరీలో పదిమందికి కృతజ్ఞతలు రాయమన్నారు. మూడో రోజుకల్లా మనుషులు అయిపోయి, కరెంటు మీటరుకీ గీజరుకీ రాశాను.

ఈలోగా ఆ తులం బీరువాలో చీరల కింద పడుకునే ఉంది. ఒక్కనాడు అయిదింటికి లేవలేదు. డైరీ రాయలేదు. అద్దం ముందు నిలబడి "నేను సింహాన్ని" అని అరవలేదు. 2025లో లక్ష దాటింది.

మొన్న కోచ్ గారి ఆఫీసు నుంచి ఫోను. నేను ప్లాటినం స్థాయికి అర్హత సాధించానట, లక్షన్నర కడితే చాలట. అంత లేదన్నాను. "ఇంట్లో బంగారం ఊరికే పడి ఉంటుంది కద సార్, గోల్డ్ లోన్ పెట్టండి" అన్నాడా అబ్బాయి. మా ఆవిడకి విషయం చెప్పాను. పెనం మీద పెసరట్టు తిరగేస్తూ అంతా విన్నది.

"బంగారం దేనికండీ? ఇన్నేళ్ళూ మీ మీదే పెట్టుకుంటూ వచ్చారుగా. మిమ్మల్నే తీసుకెళ్ళి తాకట్టు పెట్టండి. గీటురాయి మీద గీసి ఎంతిస్తారో వాళ్ళే చెబుతారు."

ఇవాళ రెండో శనివారం, బ్యాంకు ఉండదు. సోమవారం వెళ్ళి కనుక్కోవాలి.