ఎలుగుకి ఎర వేసే ముందు అడవిలో నడవండి

మొన్న మన తెలుగువాళ్ల గ్రూపులో ఒకాయన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఎలుగు వేటకి ప్యాకేజీ బుక్ చేసుకున్నానని పెట్టారు. బస, భోజనం, ఎర అన్నీ వాళ్లే చూసుకుంటారట, మనం వెళ్లి మంచె మీద కూర్చుంటే చాలట. కింద సగం మంది ‘సూపర్ అన్నా’ అన్నారు. మిగతా సగం ‘తిండి పెట్టి చంపుతారా, పాపం’ అని తిట్టిపోశారు. నాకు రెండు వైపుల మీదా కోపం వచ్చింది. మెయిన్‌లోనే బ్యాంగర్ అనే ఊరి దగ్గర పన్నెండేళ్లుగా ఉంటున్నాను, చాలా ఏళ్లుగా ఈ వేటకి వెళ్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

మాది ఉద్దానం. జీడితోటల మధ్య పెరిగాను. పనసపండు ముగ్గిందంటే మా మామ్మ రాత్రిపూట పెరట్లో ఉంచనిచ్చేది కాదు, ఆ వాసనకి ఎలుగు ఇంటిదాకా వస్తుందని. ఆ ఎలుగు వేరు, ఇక్కడి నల్ల ఎలుగు వేరు. మన దేశంలో దాన్ని వేటాడటం నేరం, అది అలాగే ఉండాలి. కానీ ముక్కు మాత్రం రెండింటికీ ఒకటే. ఊళ్లో మేం దాచిపెట్టుకున్న వాసననే ఇక్కడివాళ్లు కావాలని అడవిలో పెడతారు.

‘అన్యాయం’ అన్నవాళ్లు ఒక్కసారి ఇక్కడి అడవి చూడాలి. రాష్ట్రంలో దాదాపు తొంభై శాతం అడవే. ఫిర్, స్ప్రూస్ చెట్లు దట్టంగా పెరిగిన చోట ఇరవై అడుగుల్లో ఎలుగు నిలబడ్డా కనపడదు. ఎర లేకుండా వెళ్తే కొమ్మల సందులో నల్లగా ఏదో కదిలిన ఆ ఒక్క క్షణంలో కాల్చాలా వద్దా తేల్చుకోవాలి. ఎర దగ్గరైతే పావుగంట నింపాదిగా చూడొచ్చు. చెవులు పెద్దవిగా, నెత్తి మీద దగ్గరగా కనిపిస్తే అది ఇంకా పిల్లది. చిన్నవిగా, తలకి చెరో పక్కకి ఉన్నట్టు కనిపిస్తే వయసున్నది. వెనకాల పిల్లలున్నాయేమో ఆగి చూడొచ్చు. ఎర వేయడాన్ని నిషేధించాలని 2004లో ఒకసారి, 2014లో ఒకసారి ఇక్కడ జనం ఓటుకి పెట్టారు. రెండుసార్లూ ఓడిపోయింది. అప్పటికి నాకు ఓటు లేదు, ఉంటే నేనూ నిషేధం వద్దనే వేసేవాణ్ణి.

ఇక ప్యాకేజీ సంగతి. మొదటి ఏడాది నేనూ డబ్బు కట్టి ఒక గైడుతోనే వెళ్లాను. కలప లారీలు తిరిగే దారికి దగ్గర్లోనే డ్రమ్ము, అందులో గడువు దాటిన డోనట్లు, చాక్లెట్ ముక్కలు. ‘పెద్ద మగది రోజూ వస్తోంది’ అన్నాడు. ఎర దగ్గరికి వచ్చినవాటిని తనంతట తానే ఫొటో తీసే కెమెరా ఏది అంటే జవాబు లేదు. మూడో సాయంత్రం ఒక ఎలుగు వచ్చింది. ఒంటరిగానే కనిపించింది. తుపాకీ ఎత్తాను, సేఫ్టీ కూడా తీశాను. ఎందుకో చెయ్యి ఆగింది. పది నిమిషాలకి పక్క చెట్టు మీదనుంచి రెండు పిల్లలు జరజరా దిగి తల్లి దగ్గరకి వచ్చాయి. ఇక్కడి పిల్లలు జనవరిలో పుడతాయి, ఆ తర్వాతి చలికాలపు నిద్ర కూడా తల్లితోనే పడుకుంటాయి. ఆగస్టు చివర్లో వాటికి ఏడెనిమిది నెలలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చోటికి ఏ ఎలుగు వస్తోందో గైడుకే తెలియదు. అతను చేసింది తిండి పారబోయడమే.

తర్వాతి ఏడాది నుంచి నా చోటు నేనే వెతుక్కుంటున్నాను. సీజన్ ఆగస్టు చివరి సోమవారం మొదలవుతుంది, ఎర దానికి ముప్పై రోజుల ముందు వేయనిస్తారు. నా పని మాత్రం మే నెలలోనే మొదలు. ముందు ఆ భూమి ఎవరిదో కనుక్కుని అనుమతి అడగాలి, ఇక్కడ అడవి చాలావరకు ప్రైవేటుది. తర్వాత నడక. బీచ్ (beech) అనే చెట్ల నున్నటి బెరడు మీద గోళ్ల గాట్లుంటాయి, గింజల కోసం ఎక్కిన గుర్తులు. పాత గాట్లు నల్లగా సాగిపోయి ఉంటాయి, కొత్తవి సన్నగా ఉంటాయి. రాస్ప్‌బెర్రీలు పండే రోజుల్లో మలం నిండా గింజలే. చిత్తడి నేల అంచున ఎన్నో ఎలుగులు ఒకే చోట అడుగు వేసి వేసి గుంతలు పడిన దారి దొరికితే ఆ రోజు నాకు పండగే. సాయంత్రం గాలి ఎటు వీస్తుందో చూసుకుని మంచె కట్టాలి. గాలి తప్పితే ఎంత ఎర వేసినా వృథా. కెమెరాలో రెండు మూడు వారాలు చూశాక తల్లి, పిల్లలు వస్తున్నాయని తెలిస్తే ఆ మంచె ఎక్కను.

ఇంకో మాట. బీచ్ గింజలు బాగా కాసిన ఏడాది ఎలుగులు ఎర వైపు అంతగా రావు, ఆ గింజలు తింటూ చలికాలపు నిద్రకి ఆలస్యంగా చేరతాయి. కాయని ఏడాది తొందరగా పడుకుంటాయి. ఇక్కడి ప్రభుత్వ జీవశాస్త్రవేత్తలు 1975 నుంచి ఎలుగులకి రేడియో కాలర్లు కట్టి తెలుసుకున్న సంగతులివి. చెట్ల వైపు తలెత్తి చూడనివాడికి డ్రమ్ము ఎందుకు ముట్టలేదో ఎప్పటికీ అర్థం కాదు, ఇంకో బస్తా డోనట్లు తెచ్చి పోస్తాడు.

ఆ చాక్లెట్ గురించి నాకు చాలా బాధ. పక్కనే న్యూ హ్యాంప్‌షైర్‌లో 2014లో ఒక ఎర దగ్గర నాలుగు ఎలుగులు చచ్చిపడి ఉన్నాయి. తుపాకీ దెబ్బకి కాదు, చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ విషమై. ఓట్స్ గింజలు, బెల్లంపాకంలాంటి మొలాసిస్, కొంచెం యానిస్ నూనె చాలు. మన సోంపులాంటి ఆ వాసనకే వస్తాయి. ఇన్ని దారులుండగా చాక్లెట్ ఎందుకు పోయాలి?

బుక్ చేసుకున్న అన్నగారూ, మీ గైడుకి ఫోన్ చేసి మూడు అడగండి. ఆ చోటు కెమెరా ఫొటోలు పంపమనండి, డ్రమ్ములో ఏం పోస్తున్నాడో చెప్పమనండి, తల్లీ పిల్లలు వస్తే మంచె మారుస్తాడా అని అడగండి. నీళ్లు నమిలితే అడ్వాన్సు పోయినా సరే, మానుకోండి.

ఇక్కడ ఆదివారం వేట నిషేధం, నడవడానికి మాత్రం అడ్డు లేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాను. తిట్టినవాళ్లూ రావచ్చు, మెసేజ్ పెట్టండి. గాట్లున్న చెట్లు చూపిస్తాను. పొడుగు ప్యాంటు వేసుకుని సాక్సుల్లోకి దోపుకోండి, రక్తం పీల్చే టిక్స్ పురుగులు ఎక్కువగా ఉన్నాయి.