ముందు ధర చెప్పండి

అనంతపురంలో బట్టల దుకాణాల వాళ్లు ఇప్పుడు షట్టర్‌ ఎత్తి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించాక చేసే మొదటి పని ఫోన్‌ తీసి కొత్త సరుకును వీడియో తీయడం. సుభాష్‌ రోడ్డులోనూ అంతే, పాతూరులోనూ అంతే. శ్రావణమాసం వచ్చిందంటే పూటకో రీల్‌ పెట్టేవాళ్లున్నారు. శ్రమ పడుతున్నారు, అందులో సందేహం లేదు. ఆ వీడియోల కింద జనం అడిగే మాట మాత్రం ఎక్కడ చూసినా ఒకటే: ‘రేటెంతన్నా?’ దానికొచ్చే జవాబూ ఒకటే: ‘వాట్సాప్‌ చేయండి’, ‘ఇన్‌బాక్స్‌ చూడండి’. కొందరు ఆ మాత్రం జవాబు కూడా ఇవ్వరు.

ఈ అలవాటు మానుకోవాలని మన వ్యాపారులను గట్టిగా కోరుతున్నాం. ధర దాచడానికి వాళ్లు చెప్పే కారణాలు మాకు తెలియనివి కావు. రేటు రాస్తే పక్క దుకాణం వాళ్లు చూసి యాభై తగ్గించి పెడతారంటారు. హోల్‌సేల్‌లో కొనేవాళ్లకు ఒక రేటు, విడిగా కొనేవాళ్లకు ఒక రేటు ఉంటుంది, బయటికి చెబితే గొడవలొస్తాయంటారు. వాట్సాప్‌లోకి వస్తే నంబరు దొరుకుతుంది, తర్వాత ఇంకో సరుకు చూపించవచ్చనే లెక్క కూడా ఉంది. పోటీదారుకు రేటు తెలియకుండా ఆపడం ఎవరివల్లా కాదు. వాళ్లింట్లో పిల్లవాడి నంబరు నుంచి ఒక మెసేజ్‌ పెడితే క్షణంలో తెలిసిపోతుంది. తెలియకుండా పోయేది కొనాలనుకున్న మనిషికే.

ఆ మనిషి ఎవరో ఒక్కసారి ఆలోచించాలి. ఉరవకొండ దగ్గర పల్లెలో ఇంట్లో పెళ్లి పెట్టుకున్న తల్లి ఉంటుంది. బట్టలకు అనంతపురం రావాలంటే బస్సు చార్జీలు, ఒక రోజు పని, వెంట వచ్చే ఇద్దరి భోజనాలు. ఏ దుకాణంలో తన చేతిలో ఉన్న డబ్బుకు తగ్గ చీరలున్నాయో ముందే తెలిస్తే ఆమె నేరుగా అక్కడికే వస్తుంది. రేటు లేని వీడియో చూస్తే ‘మనవల్ల అయ్యేది కాదులే’ అని పక్కకు జరిపేస్తుంది. ముక్కూమొహం తెలియని మగవాళ్లకు మెసేజ్‌ పెట్టి రేటు అడగడానికి ఇష్టపడని ఆడవాళ్లు మన పల్లెల్లో చాలామంది. పోయిన బేరం చప్పుడు చేయదు కాబట్టి దుకాణదారుకు అది పోయినట్టే తెలియదు. కచ్చితమైన రేటు చెప్పడం కుదరకపోతే ‘పన్నెండు వందల నుంచి మూడు వేల దాకా’ అని రాసినా చాలు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. నెట్‌ ద్వారా వ్యాపారంగా అమ్మే సరుకులకు 2020లో వచ్చిన ఈ-కామర్స్‌ నియమాలు వర్తిస్తాయి. అమ్మేవాళ్ల పేరు, చిరునామా, అన్ని ఖర్చులూ కలిపిన మొత్తం ధర కొనేవాళ్లకు ముందే తెలియాలని అవి చెబుతున్నాయి. ‘షిప్పింగ్‌ ఎక్స్‌ట్రా’ అని ఆఖర్న చెప్పడం, ‘పార్శిల్‌ ఓపెనింగ్‌ వీడియో లేకపోతే రిటర్న్‌ లేదు’ అని డబ్బు పడ్డాక చెప్పడం ఆ నియమాల స్ఫూర్తికే విరుద్ధం. పార్శిల్‌ మార్చి మోసం చేసే కొనుగోలుదారులూ ఉన్నారు కనుక వీడియో అడగడంలో తప్పు లేదు. ఆ మాటేదో ధర పక్కనే రాయాలి.

ఇక, ఎవరికోసం వీడియోలు పెడుతున్నామన్నది. లక్ష వ్యూస్‌ వచ్చాయని సంబరపడే దుకాణదారులను చూస్తున్నాం. ఆ లక్షమందిలో విజయనగరం వాళ్లెందరో, దుబాయ్‌లో ఉన్నవాళ్లెందరో. కమలానగర్‌లో టిఫిన్‌ సెంటర్‌ నడిపే మనిషికి వాళ్లవల్ల ఒక ప్లేటు ఇడ్లీ అదనంగా అమ్ముడుపోదు. చుట్టూ పది కిలోమీటర్లలో ఉన్న వెయ్యిమందికి తెలిస్తే ఆ దుకాణం నిలబడుతుంది. డబ్బు కట్టి ప్రకటన వేసేటప్పుడు ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ మన ఊరి చుట్టూ ఇన్ని కిలోమీటర్లలోనే కనపడాలని ఎంచుకునే వీలుంది. చాలామంది అది చూసుకోకుండా రాష్ట్రమంతటికీ డబ్బు కడుతున్నారు.

అంతకన్నా ముందు చేయాల్సిన పని గూగుల్‌ మ్యాప్స్‌లో దుకాణాన్ని సరిగ్గా పెట్టుకోవడం. దానికి పైసా ఖర్చు లేదు. లిస్టింగ్‌ కోసం డబ్బు కట్టమని ఎవరైనా ఫోన్‌ చేస్తే నమ్మవద్దు. తెరిచే వేళ, మూసే వేళ, వారంలో సెలవు రోజు, పనిచేసే ఫోన్‌ నంబరు, దుకాణం ముందు భాగం ఫొటో ఉండాలి. ఉగాదికో రంజాన్‌కో వేళలు మారితే ఆ వారం మార్చాలి. మ్యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని చూసి ధర్మవరం నుంచి వచ్చి, మూసి ఉన్న షట్టర్‌ చూసి వెనక్కిపోయిన మనిషి మళ్లీ రావడం కష్టం.

ధర్మవరం విషయం వేరుగా చెప్పుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా పట్టుచీర అంటే ఇప్పటికీ ఈ ప్రాంతానికంతటికీ పేరు తెచ్చేది ఆ ఊరే. ఫోన్‌ తెరిస్తే ‘నేరుగా మగ్గం నుంచి మీ ఇంటికి’ అనే వీడియోలు ధర్మవరం పేరు మీద లెక్కలేనన్ని. వాటిలో నిజంగా మగ్గం మీద నేసినవి ఉన్నాయి. మరమగ్గం మీద నేసి చేనేతగా చూపేవీ ఉన్నాయి. పట్టులో పాలిస్టర్‌ కలిపి అసలు పట్టుగా అమ్మేవీ ఉన్నాయి. చూసేవాళ్లకు మూడూ ఒకేలా మెరుస్తాయి. ఫిల్టర్‌ వేస్తే మరీ మెరుస్తాయి. చివరికి తక్కువ రేటుదే అమ్ముడుపోతుంది. రోజుల తరబడి కూర్చుని నేసిన చీరకు ఆ రేటు ఎలా గిట్టుతుంది?

ఇక్కడ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిపేస్తున్న మూడు విషయాలను విడదీసి చెప్పడం మా బాధ్యత. సిల్క్‌ మార్క్‌ లేబుల్‌ ఉంటే అది అసలు పట్టు అని అర్థం. అంతవరకే. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుచీరకూ ఆ లేబుల్‌ ఉండవచ్చు. చేతితో నేసిందని చెప్పేది హ్యాండ్లూమ్‌ మార్క్‌. ఇక ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు ఉన్న భౌగోళిక గుర్తింపు (జీఐ) ఆ ఊరి నేతకు సంబంధించింది. ఒక లేబుల్‌ చూపించి మూడూ ఉన్నట్టు మాట్లాడటం మోసం. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించే చట్టం 1985 నుంచీ ఉంది. కొన్ని చీరలతో సహా 11 రకాలు ఆ జాబితాలో ఉన్నాయి. అమలు సంగతి నేతన్నలను అడిగితే తెలుస్తుంది.

సోషల్‌ మీడియా నేతన్నకు నిజంగా మేలు చేయగలదని మా నమ్మకం. ఇన్నాళ్లూ ముడిసరుకు ఇచ్చే షావుకారుకు చీర అప్పజెప్పి కూలి తీసుకున్న మనిషికి, కట్టుకునే మనిషితో నేరుగా మాట్లాడే దారి మొదటిసారి దొరికింది. ఆ దారిని ‘ఆఫర్‌ ఆఫర్‌’ అనే అరుపులతో నింపకూడదు. పడుగు (నిలువు దారాలు) ఎక్కించడం, అచ్చు అతకడం, డిజైన్‌ నేయించే జకార్డు కింద జరీ అంచు తేలడం, కొంగు దగ్గర పని నెమ్మదించడం చూపించాలి. ఎన్ని రోజులు పట్టిందో, జరీ ఏ రకమో, చీర బరువెంతో చెప్పాలి. మగ్గం చప్పుడు వినపడనివ్వాలి, దాని మీద సినిమా పాట వేయాల్సిన పనిలేదు. వ్యాపార ఖాతాల్లో ఆ పాటలు వాడితే కాపీరైట్‌ చిక్కులు కూడా వస్తాయి. ధర్మవరం మండలంలోనే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకూ ఇదే వర్తిస్తుంది. ఎగ్జిబిషన్లలో స్టాల్‌ దొరికినప్పుడే అమ్ముకునే వాళ్లకు, తోలు గీకి, రంధ్రాలు పొడిచి, రంగులద్దే పనిని ఫోన్‌లో చూపించడం ఏడాది పొడవునా ఉండే స్టాల్‌ లాంటిది.

భాష గురించి ఒక మాట. హైదరాబాద్‌ యాంకర్లను అనుకరిస్తూ మాట్లాడే దుకాణదారుల కంటే ‘రాండి, చూడండి, నచ్చితేనే తీసుకోండి’ అని మన యాసలో చెప్పేవాళ్ల మాట మనవాళ్ల చెవికి ఎక్కుతుంది. రాయదుర్గంలో జీన్స్‌ కుట్టేవాళ్లకు, హిందూపురం, మడకశిర వ్యాపారులకు బళ్లారి, పావగడ, బెంగళూరు కొనుగోలుదారులు ఉన్నారు. వీడియో కింద రెండు ముక్కలు కన్నడంలో కూడా రాస్తే పోయేదేమీ లేదు.

ఇంట్లో ఓళిగలు, చెనక్కాయల పొడి, నిప్పట్లు చేసి అమ్మే ఆడవాళ్ల సంఖ్య పెరగడం మాకు సంతోషం. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు ఆర్టీసీ కార్గోలోనో బస్సులోనో పార్శిల్‌ పంపే వ్యాపారం వాట్సాప్‌ లేకపోతే పుట్టేదే కాదు. ఎంత చిన్న వ్యాపారమైనా ఆహారం అమ్మాలంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి. 14 అంకెల ఆ నంబరును ప్యాకెట్‌ మీద, ప్రొఫైల్‌లో రాస్తే కొనేవాళ్లకు ధైర్యం. ఇంకొకటి: ఇంట్లో వాడే నంబరును వ్యాపారానికి ఇవ్వవద్దు. వేళకాని వేళ వచ్చే ఫోన్లు, పనికిమాలిన మెసేజ్‌లు ఈ ఆడవాళ్లకు రోజూ ఉండే టెన్షన్‌. వేరే సిమ్‌ తీసుకుని వాట్సాప్‌ బిజినెస్‌ పెట్టుకుంటే రాత్రి ఎనిమిది తర్వాత దానంతట అదే ‘రేపు జవాబిస్తాం’ అని చెబుతుంది. సరుకుల కేటలాగ్‌ కూడా ధరలతో సహా అందులోనే పెట్టుకోవచ్చు.

ఊళ్లో ఫుడ్‌ వీడియోలు చేసే కుర్రాళ్ల గురించి కూడా చెప్పక తప్పదు. వాళ్లవల్ల మూలనున్న హోటళ్లకు గిరాకీ పెరిగింది, అది మంచిదే. డబ్బు తీసుకునో, ఉచితంగా తినో ‘జిల్లాలోనే నంబర్‌ వన్‌’ అని చెప్పి, ఆ సంగతి దాచడం మాత్రం తప్పు. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ మాట స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేసే వీలుంది. కుర్రాళ్లకు డబ్బిచ్చే హోటల్‌ యజమానులే ‘ఇది ప్రకటన అని రాయండి’ అని అడగాలి. తెలిసినవాళ్లతో, పనివాళ్లతో అయిదు స్టార్ల రివ్యూలు రాయించుకునే పద్ధతికి కూడా స్వస్తి చెప్పాలి. చెడు రివ్యూ వస్తే తిట్టకుండా, తుడిచేయించాలని చూడకుండా, నలుగురూ చదివేలా జవాబివ్వడం దుకాణానికే గౌరవం.

టిక్‌టాక్‌ను 2020 జూన్‌ 29న నిషేధించినప్పుడు దాని మీదే ఆధారపడ్డవాళ్లు ఒక్క రాత్రిలో అంతా పోగొట్టుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌ ఖాతా హ్యాక్‌ అయినా జరిగేది అదే. అందుకే వ్యాపారికి అసలు ఆస్తి కొనుగోలుదారుల ఫోన్‌ నంబర్లు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. మన నంబరును వాళ్లు సేవ్‌ చేసుకుంటేనే ఒకేసారి అందరికీ పంపే వాట్సాప్‌ బ్రాడ్‌కాస్ట్‌ మెసేజ్‌ వాళ్లకు చేరుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. కాబట్టి సంచి మీద, బిల్లు మీద నంబరుతోపాటు ‘సేవ్‌ చేసుకోండి’ అని అచ్చు వేయించాలి. సేవ్‌ చేసుకున్నారు కదా అని రోజూ గుడ్‌మార్నింగ్‌ పంపితే బ్లాక్‌ చేస్తారు. నెలకు రెండు మూడు పనికొచ్చే మెసేజ్‌లు చాలు. ఖాతాలకు రెండో తాళం లాంటి టూ-స్టెప్‌ వెరిఫికేషన్‌ ఈ రోజే పెట్టుకోవాలి. పెద్ద ఆర్డరిస్తామని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్‌ కోడ్‌ స్కాన్‌ చేసి పిన్‌ కొట్టమనేవాళ్లు మోసగాళ్లే. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్‌ అవసరం లేదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్‌ మోసాల హెల్ప్‌లైన్‌ 1930కు ఫోన్‌ చేయాలి.

మా పత్రికకు కూడా స్థానిక ప్రకటనలే ఆధారం. వ్యాపారులు ఫోన్‌ వైపు మళ్లితే మా ఆదాయం తగ్గుతుందని తెలిసే ఈ మాటలు రాస్తున్నాం. ఈ బజార్లు బతికి ఉండాలన్నది మాకు అంతకంటే ముఖ్యం. బెంగళూరు మాల్స్‌, పెద్ద ఆన్‌లైన్‌ కంపెనీలు మన కొనుగోలుదారులను లాక్కుపోతున్న కాలంలో చిన్న దుకాణం చేతికి దొరికిన చవకైన సాధనం ఇదే.

దీన్ని ఎవరి తంటాలు వాళ్లు పడి నేర్చుకోవాల్సిందే అని వదిలేయడం ప్రభుత్వానికి తగదు. జిల్లా పరిశ్రమల కేంద్రం, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కలిసి పట్టణాల్లోని పొదుపు సంఘాల మహిళలకు, చిన్న దుకాణదారులకు ఫోన్‌ చేతిలో పెట్టి నేర్పే తరగతులు పెట్టాలి. పవర్‌పాయింట్‌ ఉపన్యాసాలు వద్దు. అనంతపురంలోనే జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి విద్యార్థులకు ఒక్కొక్కరికి రెండేసి దుకాణాలు అప్పగించి, మ్యాప్‌లో పెట్టించి, కేటలాగ్‌ చేయించి, దాన్ని ప్రాజెక్టు పనిగా లెక్కవేయవచ్చు. చేనేత, జౌళి శాఖ ధర్మవరంలో హ్యాండ్లూమ్‌ మార్క్‌ కోసం నేతన్నలకు దరఖాస్తు దగ్గర నుంచి లేబుల్‌ చేతికందే దాకా సాయం చేసే ఒక కౌంటర్‌ తెరవాలి. చేనేత పేరుతో మరమగ్గం చీరలు అమ్మే ఖాతాల మీద ఫిర్యాదులు కూడా అక్కడే తీసుకోవాలి. శ్రావణమాసం గిరాకీ మొదలవకముందే ఆ కౌంటర్‌ పనిచేయడం మొదలుపెట్టాలి.