ఓర్వకల్లు విమానాశ్రయం ఏ పార్టీదీ కాదు

"గెలిచిన పార్టీకి ఓటేయని ఊళ్లకు రైళ్లు, విమానాలు ఎందుకు" అని ఈ చర్చలో ఒకరు రాశారు. చదివి చాలా బాధేసింది. మాది కర్నూలు. 2019లో ప్రజలు ఒక తీర్పు ఇచ్చారు, 2024లో ఇంకో తీర్పు ఇచ్చారు. రెండూ మనం ఇచ్చినవే, రెండింటినీ ఒప్పుకోవాలి. మా ఓర్వకల్లు విమానాశ్రయాన్నే తీసుకోండి. 2019 జనవరిలో చంద్రబాబు ప్రారంభించారు, 2021 మార్చిలో జగన్ ప్రభుత్వం ఉండగా విమానాలు మొదలయ్యాయి. ప్రభుత్వం మారినా పని ఆగలేదు, అదీ పద్ధతి. అదే కడప-బెంగళూరు రైల్వే లైను 2008-09లో మంజూరైనా పెండ్లిమర్రి దగ్గరే ఆగిపోయింది. ఆ లైను దారిలో ఉన్న రాయచోటి వాళ్లకు ఇప్పటికీ బస్సే దిక్కు. వైద్యానికి బెంగళూరు పోయే పెద్దాయనను ఎవరికి ఓటేశావని అడుగుతామా? దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి.